160 సెంటీమీటర్ల తలుపు: పరవాడ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు ఒక కన్‌సైన్‌మెంట్

సరుకు మందుల ముడిపదార్థం. తెల్లటి పొడి, మండేదీ కాదు, పేలేదీ కాదు. 15 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంచితే చాలు. ఒక్కో ఫైబర్ డ్రమ్ములో 25 కిలోల పొడి, డ్రమ్ముతో కలిపి 28 కిలోలు. మొత్తం 108 డ్రమ్ములు. పరవాడ ఫార్మా సిటీలోని ఫ్యాక్టరీ వాళ్లు వాటిని 120కి 80 సెంటీమీటర్ల చెక్క పాలెట్ల మీద వరసకి ఆరు చొప్పున మూడు వరసలు పేర్చారు. పాలెట్‌కి 18 డ్రమ్ములు, 526 కిలోలు. అలాంటివి ఆరు. ప్యాకింగ్ లిస్టులో బరువుంది, బ్యాచ్ నంబరుంది, డ్రమ్ము సీలు నంబరు కూడా ఉంది. పాలెట్ ఎత్తు మాత్రం లేదు. వాళ్లు రాయలేదు, బుకింగ్ తీసుకున్నప్పుడు నేనూ అడగలేదు. విశాఖలో ఇన్నేళ్లుగా ఫార్వర్డింగ్, అంటే ఇతరుల సరుకు రవాణా ఏర్పాట్లు, చేస్తున్నవాణ్ని, అడగాల్సింది నేనే.

2023 డిసెంబర్ మొదట్లో ఈ బుకింగ్ తీసుకున్నప్పుడు లెక్క తేలిగ్గానే ఉంది. ఇరవై అడుగుల రీఫర్ (ఉష్ణోగ్రత అదుపులో ఉంచే) కంటైనర్, విశాఖ కంటైనర్ టర్మినల్ నుంచి ఫీడర్ అనే చిన్న ఓడలో కొలంబో, అక్కడ పెద్ద ఓడ మారి సూయెజ్ మీదుగా హాంబర్గ్. లైన్ వాళ్లు 28 రోజులన్నారు. జనవరి 8న ఓడ కదిలితే ఫిబ్రవరి 5కి చేరుతుంది. జర్మనీలో కొనుగోలుదారుకి సరుకు 12వ తేదీ నాటికి కావాలి. వారం రోజుల వెసులుబాటు.

డిసెంబర్ మధ్యలో ఎర్ర సముద్రంలో దాడులు పెరిగాయి. పెద్ద లైన్లన్నీ ఓడల్ని ఆఫ్రికా చుట్టూ తిప్పడం మొదలుపెట్టాయి. గుడ్‌హోప్ అగ్రం మీదుగా వెళ్తే ప్రయాణం 10 నుంచి 14 రోజులు పెరుగుతుంది. మా వారం వెసులుబాటు అక్కడే కరిగిపోయింది. పెద్ద ఓడలు వరస తప్పడంతో కొలంబోలో పెట్టెలు పేరుకున్నాయి, ఆ సెగ ఫీడర్లకూ తగిలింది. జనవరి 8 ఓడలో మా పెట్టె ఎక్కలేదు, రోల్‌ఓవర్ అన్నారు. తర్వాతి ఓడకి కూడా అదే మాట. ఈలోగా సంక్రాంతి వచ్చింది. భోగి నుంచి కనుమ దాకా టర్మినల్ యార్డులో ప్లగ్గు పెట్టుకుని 20 డిగ్రీల దగ్గర చల్లగా కూర్చుంది మా రీఫర్. ప్లగ్గు అద్దె మాత్రం పండగ సెలవు తీసుకోలేదు.

కనుమ మర్నాడు, జనవరి 17న, ఫ్యాక్టరీ ఎగుమతుల మేనేజర్ ఫోన్ చేశారు. "ఏటండీ, అసలు ఈ సరుకు వెళ్తాదా?" అన్నారు. 26 రోజులున్నాయి. ఏయే దారులున్నాయో కాగితం మీద పెట్టాను.

సముద్రం ఒక్కటే అంటే నలభై రోజుల పైమాట. ఆ వరస కొట్టేశాను.

రెండోది సీ-ఎయిర్. కొలంబో మీదుగా దుబాయ్‌లోని జెబెల్ అలీ రేవు దాకా ఓడలో పంపి, అక్కణ్నుంచి విమానంలో యూరప్‌కి. జెబెల్ అలీ గల్ఫ్ లోపల ఉంది కాబట్టి ఎర్ర సముద్రం గొడవ తగలదు. రేవు నుంచి పక్కనే ఉన్న అల్ మక్తూమ్ విమానాశ్రయానికి కస్టమ్స్ బాండ్‌లోనే లారీ నడుస్తుంది. నేరుగా విమానంలో పంపడం కంటే బాగా చవక, ఓడకంటే బాగా త్వరగా. మాకు చెప్పింది 18 నుంచి 22 రోజులు. నాకు నచ్చే పద్ధతే ఇది, బట్టల ఎగుమతిదారులకి చాలాసార్లు ఇప్పించాను కూడా. కానీ దీని మొదటి మెట్టు కూడా ఆ ఫీడరే, రెండుసార్లు మమ్మల్ని వదిలేసి వెళ్లిన ఫీడరే. పైగా ఆ నెలలో ప్రపంచంలో సగం మందికి ఇదే ఆలోచన వచ్చి దుబాయ్ గిడ్డంగులు నిండిపోతున్నాయి. ఉష్ణోగ్రత చూసుకోవాల్సిన సరుకుని దించడం, ఎక్కించడం, మళ్లీ దించడం అంటూ అన్ని చేతులు మార్చడానికి మనసొప్పలేదు.

మూడోది విశాఖ నుంచే విమానం. మన విమానాశ్రయం అప్పట్లో నేవీ వారి ఐఎన్ఎస్ డేగ స్థావరంలో ఉండేది. రోజూ వచ్చిపోయేవి ఏ320 తరహా సన్నపాటి విమానాలు. వాటి పొట్టలోకి విడి పెట్టెలు పోతాయి గానీ అర టన్ను పాలెట్ పోదు. యూరప్ దాకా ఎగిరే పెద్ద వైడ్‌బాడీ విమాన సర్వీసు ఇక్కడ లేదు. భోగాపురంలో కొత్త విమానాశ్రయం పనులు అప్పటికి ఇంకా నడుస్తున్నాయి.

మిగిలింది లారీలో హైదరాబాద్, అక్కణ్నుంచి విమానం. చెన్నై కూడా చూశాను గానీ దూరం 800 కిలోమీటర్లు, హైదరాబాద్ 620. ఆ జనవరిలోనే హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి నేరుగా విమానం మొదలైంది. మధ్యలో దింపడం, ఎక్కించడం లేకుండా ఒక్క ఎగురుడు. అదే ఖాయం చేశాం.

విమానం అనగానే ఫ్యాక్టరీ వాళ్లకి పుట్టే మొదటి భయం వాల్యూమ్ బరువు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6,000తో భాగిస్తే వచ్చే కిలోలు ఒకపక్క, కాటా బరువు ఇంకోపక్క. ఏది ఎక్కువైతే దానికి కిరాయి. అంటే ఘనపు మీటరుకి 167 కిలోల కంటే తేలిక సరుకైతే ఖాళీ జాగాకి కూడా డబ్బు కట్టాలి. మాది బరువు సరుకు. ఘనపరిమాణం పది ఘనపు మీటర్లు, వాల్యూమ్ లెక్కన 1,670 కిలోలు, కాటా మీద 3,156. కాటాదే లెక్క. "గాలికి డబ్బు కట్టక్కర్లేదండీ" అని ధైర్యంగా చెప్పాను. ఆ 1,670 వేసేటప్పుడు ఎత్తు అనే అంకె నా వేళ్ల కిందుగానే వెళ్లింది. ఫ్యాక్టరీ ఫోన్లో చెప్పిన 174 కాల్‌క్యులేటర్‌లో కొట్టాను. దాన్ని బరువు తేల్చే అంకెగా చూశాను. తలుపు కొలతగా చూడలేదు.

తర్వాతి మూడు రోజులూ కాగితాలకే పోయాయి. పెట్టె అప్పటికే గేటు లోపలికి వెళ్లి, కస్టమ్స్ ఎల్‌ఈవో, అంటే ఎగుమతి అనుమతి, ఇచ్చేసింది. అంటే చట్టం దృష్టిలో అది ఎగుమతి అయిపోతున్న సరుకు. దాన్ని వెనక్కి తేవాలంటే బ్యాక్ టు టౌన్ అనుమతి తీసుకోవాలి, విశాఖ రేవు పేరున ఉన్న షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కి ఇచ్చే ఎగుమతి పత్రం) రద్దు చేయించాలి, హైదరాబాద్ ఎయిర్ కార్గో పేరున కొత్తది వేయాలి. కొత్తగా పనిలో చేరిన మా కుర్రాడికి లొకేషన్ కోడ్ చివరి అంకె చూపించాను. విశాఖ రేవుది 1తో, హైదరాబాద్ విమానాశ్రయానిది 4తో ముగుస్తుంది. 1 అంటే సముద్రం, 4 అంటే విమానం, 6 అంటే లోతట్టు డిపో. ఆ ఒక్క అంకె తప్పు పడితే సరుకు ఒక చోట, బిల్లు ఒక చోట.

కాంట్రాక్టు కూడా మార్చాలి. అమ్మకం సీఐఎఫ్ హాంబర్గ్ మీద, అంటే అక్కడిదాకా కిరాయి, బీమా అమ్మేవాళ్లే కట్టే షరతు మీద జరిగింది. సీఐఎఫ్ ఓడలకి పుట్టిన షరతు, విమానానికి వాడకూడదు. వాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, నష్టం వచ్చేదాకా ఎవరికీ ఏమీ కాదు కాబట్టి. ఏ రవాణాకైనా పనికొచ్చే అలాంటి షరతు సీఐపీ. సీఐపీ ఫ్రాంక్‌ఫర్ట్‌గా సవరించమన్నాను. అంతర్జాతీయ అమ్మకపు షరతుల జాబితా, 2020 ఇన్‌కోటర్మ్స్ ప్రకారం సీఐఎఫ్‌కి కనీస బీమా చాలు, సీఐపీకి మాత్రం అన్ని రిస్కులూ కవరయ్యే ఏ క్లాజులు కావాలి. పాలసీలో ప్రయాణ సాధనం 'సముద్రం' అని ఉంది. లారీ కదలకముందే దాన్ని 'రోడ్డు, విమానం' అని ఎండార్స్‌మెంట్ చేయించాం.

జనవరి 23 సాయంత్రం ఏడింటికి పరవాడలో రీఫర్ లారీ కదిలింది. అనకాపల్లి, తుని, రాజమండ్రి, తెల్లారేసరికి విజయవాడ. అక్కడ జాతీయ రహదారి 16 వదిలి 65 పట్టుకుని సూర్యాపేట మీదుగా పెద్ద అంబర్‌పేట దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్. డ్రైవర్ రెండుసార్లు ఫోన్ చేశాడు, రెండుసార్లూ "ఇరవై ఒకటి చూపిస్తంది సార్" అన్నాడు. రోడ్డు ప్రయాణం గురించి చెప్పడానికి ఇంకేమీ లేదు. బాగా జరిగిన పనికి కథ ఉండదు.

నేను ముందురోజు రాత్రి రైల్లో బయల్దేరి ఉదయానికే అక్కడున్నాను. యాక్సెప్టెన్స్ డాక్ దగ్గర లారీ తలుపులు తీశారు. ఫోర్క్‌లిఫ్ట్ మొదటి పాలెట్‌ని కింద పెట్టింది. గిడ్డంగి సూపర్‌వైజర్ జేబులోంచి స్టీలు టేపు తీసి, కొక్కెం నేలకి ఆనించి, బొటనవేలితో టేపుని పైకి తోసి, స్ట్రెచ్ ఫిల్మ్ మీద ఉబ్బిన చోట ఆపి చూశాడు. రెండో పాలెట్ దగ్గరా చూశాడు. మూడోదాన్ని కొలవలేదు.

"సార్, గిది బెల్లీల వట్టది. నూట డెబ్బై నాలుగున్నది."

ప్రయాణికుల వైడ్‌బాడీ విమానం పొట్టలోకి యూఎల్‌డీ పాలెట్ (విమానంలో సరుకు కట్టే లోహపు పలక) మీద కట్టి పంపే సరుకు ఎత్తు 160 సెంటీమీటర్లు దాటకూడదు. తలుపు ఎత్తూ లోపలి కప్పూ అంతవరకే రానిస్తాయి. సరుకు విమానాల పై డెక్‌లోకి దాదాపు మూడు మీటర్ల ఎత్తు కూడా పోతుంది. కానీ ఆ వారం ఫ్రాంక్‌ఫర్ట్ వైపు పోయే ఫ్రైటర్లో జాగా లేదు, తర్వాతిది వారానికి గానీ లేదు. పద్నాలుగు సెంటీమీటర్లు. జానెడు కూడా లేదు. ఓడ కంటైనర్‌లో ఆ ఎత్తు ఎవరికీ అడ్డం కాలేదు. లారీలో అడ్డం కాలేదు. దారిలో అన్నిటికంటే చిన్న తలుపు దగ్గరికి వచ్చాక అడ్డమైంది.

ఫ్యాక్టరీ డిస్పాచ్ ఆఫీసరుకి ఫోన్ చేస్తే ఆయనన్న మాట: "ఎప్పుడూ ఇలాగే కడతాం కదండీ. ఏ కంటైనర్ కాదంది?" నిజమే. ఆయన ఓడకి కట్టాడు, నేను విమానానికి అమ్మాను.

విప్పి మళ్లీ కట్టాలి. మూడు వరసల్ని రెండు చేస్తే డ్రమ్ములు 106, చెక్క 15, మొత్తం 121 సెంటీమీటర్లు. పాలెట్‌కి 12 డ్రమ్ములు, కాబట్టి ఆరు పాలెట్లు తొమ్మిదవుతాయి. ఇంకో మూడు చెక్క పాలెట్లు కావాలి. చెక్క దొరుకుతుంది, ఐఎస్‌పీఎం-15 ముద్ర ఉన్న చెక్క కావాలి. వేడి చేసి పురుగు చంపినట్టు గుర్తుండే గోధుమకంకి ముద్ర లేకపోతే జర్మనీలో పాలెట్‌ని ఆపేస్తారు. అధీకృత ట్రీట్‌మెంట్ యూనిట్ నుంచి మూడు పాలెట్లు తెచ్చేసరికి బుధవారం సాయంత్రమైంది.

మందుల సరుకుని మూడోవాళ్లు విప్పడం ఊరికే జరిగే పని కాదు. ఏ డ్రమ్ము ఏ పాలెట్ మీదికి మారిందో రాసుకోవాలి, ప్రతి సీలూ చెక్కుచెదరలేదని ఎవరో సంతకం పెట్టాలి. ఆ ఎవరో ఫ్యాక్టరీ క్వాలిటీ మనిషే కావాలి. ఆయన విశాఖ నుంచి గురువారం వచ్చారు. ఫార్మా జోన్ లోపల, చల్లటి గదిలో, నలుగురు మనుషులు ఒక్కో డ్రమ్మునీ దింపి, సీలు నంబరు పైకి చదివి, మళ్లీ ఎక్కించారు. ఒకతను చదువుతుంటే ఆయన టిక్కు పెట్టుకుంటూ పోయారు. నలభై మూడో డ్రమ్ము దగ్గర ఆగారు. రింగు మీద చిన్న సొట్ట. సీలు బాగానే ఉంది. ఫోటో తీసి, సొట్ట అని రాసి, ముందుకెళ్లారు. ఆ ఫోటో తర్వాత పనికొచ్చింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో అదే సొట్టని 'రవాణాలో దెబ్బ' అని రాయబోతే, ఎగరకముందే ఉందని చూపించగలిగాం.

సాయంత్రానికి తొమ్మిది పాలెట్లూ కట్టేశాం. అప్పుడు తెలిసింది, థర్మల్ కవర్లు ఆరే ఉన్నాయని. పాలెట్‌కొకటి చొప్పున ఆరు పాలెట్లకి తెచ్చినవి. ఉష్ణోగ్రత నమోదు చేసుకునే టెంపరేచర్ లాగర్లూ ఆరే. ఆ రాత్రి ఇంకో మూడు కవర్లు ఎక్కడా దొరకలేదు. లాగర్లని ఎలా పంచాలన్న మాట వచ్చింది. క్వాలిటీ ఆయన కవర్ ఉన్న పాలెట్ల మీద పెడదామన్నారు, అంకెలు బాగుంటాయని. నేను ఒప్పుకోలేదు. కవర్ లేని మూడింటి మీదా మూడు, మిగతావాటి మీద మూడు పెట్టించాను. అన్నిటికంటే అధ్వాన్నంగా ఉన్న పాలెట్ ఏం పడిందో తెలియకపోతే ఇక లాగర్ ఎందుకు?

కాగితాల దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. షిప్పింగ్ బిల్లులో ప్యాకేజీల సంఖ్య '6 పాలెట్లు' అని వేశాం. ఇప్పుడవి తొమ్మిది. '108 డ్రమ్ములు' అని వేసి ఉంటే పాలెట్లు ఎన్నయినా సంఖ్య మారేది కాదు. సవరణకి దరఖాస్తు పెట్టాం. 26న రిపబ్లిక్ డే, ఫ్యాక్టరీలో సవరించిన ఇన్‌వాయిస్ మీద సంతకం పెట్టేవారు లేరు, 27కి వచ్చింది. విమాన రవాణా పత్రం, ఎయిర్‌వే బిల్లు కూడా కొత్త సంఖ్యతో మళ్లీ తీశాం. మా కుర్రాడు ఫోన్లో విని రాసుకున్న కొత్త బిల్లు నంబరు నాకు చదివాడు. మొదటి మూడంకెలు విమానయాన సంస్థవి, మిగతా ఎనిమిదిలో ఆఖరిది చెక్ అంకె. ముందున్న ఏడంకెల్ని 7తో భాగిస్తే మిగిలేదే ఆఖరి అంకె కావాలి. ఉదాహరణకి 4081732ని 7తో భాగిస్తే 4 మిగులుతుంది, కాబట్టి నంబరు 40817324. వాడు రాసుకున్నది భాగిస్తే కుదరలేదు. రెండంకెలు తారుమారయ్యాయి. అక్కడే దొరకడం మంచిదయింది, లేకపోతే కస్టమ్స్ వ్యవస్థలో వేరే ఎవరి సరుకో మా బిల్లుకి తగులుకునేది.

ఆదివారం అర్ధరాత్రి దాటాక విమానం ఎగిరింది. మా భయమంతా హైదరాబాద్ ర్యాంప్ (విమానం నిలిపి సరుకు ఎక్కించే ఆరుబయలు) మీది ఎండ గురించే. వేసవిలో మధ్యాహ్నం విమానమైతే ఆ భయం సబబే. కానీ జనవరి రాత్రి ఒంటిగంటకి శంషాబాద్‌లో హాయిగా ఉంటుంది. లాగర్లన్నీ 19, 20 చూపించాయి.

దెబ్బ అవతల తగిలింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో తెల్లవారుజాము చలి. విమానం దించి గిడ్డంగికి చేర్చేలోపు కవర్ లేని ఒక పాలెట్ మీది లాగర్ 12.8 డిగ్రీలకి పడింది. 15 కంటే తక్కువగా ఉన్నది మొత్తం 40 నిమిషాలు. కవర్ ఉన్నవి ఒక్కటీ 17 దిగలేదు. వేడి గురించి ఆలోచించే ఊరివాళ్లం మేము, చలి గురించి ఎవరం ఆలోచించలేదు.

కొనుగోలుదారు క్వాలిటీ వాళ్లకి గ్రాఫు మేమే ముందు పంపాం, వాళ్లు అడగకముందే. లాగర్ ఉన్నది ఫిల్మ్ మీద, పొడి మీద కాదు. డ్రమ్ము లోపలి 25 కిలోలు నలభై నిమిషాల్లో అంత చల్లబడవు. పొడి కాబట్టి గడ్డకట్టే ప్రమాదమూ లేదు. వాళ్లు అడిగింది ఒక్కటే, తేమ. చల్లటి డ్రమ్ముని వెచ్చటి గదిలో వెంటనే తెరిస్తే లోపల చెమ్మ పడుతుంది. గది ఉష్ణోగ్రతకి వచ్చేదాకా మూత తీయకుండా ఉంచి, ఆ పాలెట్‌లో మూడు డ్రమ్ముల నుంచి నమూనా తీసి తేమ చూశారు. స్పెసిఫికేషన్ లోపలే ఉంది. జనవరి 31న సరుకు వాళ్ల గిడ్డంగిలో ఉంది, గడువుకి పన్నెండు రోజుల ముందు.

ఒకవేళ తిరస్కరించి ఉంటే? విమాన రవాణా మీద ఉన్న అంతర్జాతీయ మాంట్రియల్ ఒప్పందం ప్రకారం అప్పట్లో విమానయాన సంస్థ బాధ్యత కిలోకి 22 ఎస్‌డీఆర్ (ఐఎంఎఫ్ వాడే లెక్కల యూనిట్). 2024 డిసెంబర్ 28 నుంచి అది 26 అయింది. పాలెట్ 358 కిలోలంటే 7,876 ఎస్‌డీఆర్. ఈ పొడి విలువ ముందు అది ఏ మూలకీ రాదు. దానికి కూడా నష్టం చూసిన వెంటనే, ఎంత ఆలస్యమైనా సరుకు అందిన 14 రోజుల్లోపు రాతపూర్వకంగా చెప్పాలి. అదే నష్టం విజయవాడ దగ్గర లారీలో జరిగి ఉంటే అసలు చట్టమే వేరు, 2007 రోడ్డు రవాణా చట్టం, అక్కడ పరిమితి కిలోలతో కాదు, చెల్లించిన కిరాయితో ముడిపడి ఉంటుంది. ఒకే సరుకు, ఒకే వారం, ఎక్కడ చెడిందన్న దాన్నిబట్టి చేతికొచ్చే డబ్బు మారిపోతుంది. అందుకే చేతులు మారే ప్రతిచోటా ఫోటో, సమయం, లాగర్ అంకె రాయించుకుంటాను. బీమా ఉన్నా సరే.

ఖర్చు మొత్తం ముందు అనుకున్న ఓడ కిరాయికి మూడున్నర రెట్లయింది. అందులో విమాన కిరాయి తప్పనిది. పాలెట్లు మూడు, మళ్లీ కట్టిన కూలీ, గిడ్డంగి అద్దె, క్వాలిటీ ఆయన రానుపోను, తప్పిన బుకింగ్ తాలూకు పెనాల్టీ, ఇవన్నీ 14 సెంటీమీటర్ల ఖర్చు. సగం మేం పెట్టుకున్నాం. తప్పు ఇద్దరిదీ కదా.

ఫిబ్రవరిలో పరవాడ వెళ్లి డిస్పాచ్ ఆఫీసరుతో కూర్చున్నాను. ఇరవై అడుగుల రీఫర్ లోపల 120కి 80 పాలెట్లు నేల మీద తొమ్మిది పడతాయి. ఆయన ఆరే పెట్టి, మిగతా జాగా ఖాళీగా పంపుతున్నారు. అంటే మొదట్నుంచీ రెండు వరసల్లో తొమ్మిది పాలెట్లు కట్టి ఉన్నా ఓడకి ఏ నష్టమూ లేదు. ఖర్చు మూడు చెక్క పాలెట్లు, అధిక బరువు 66 కిలోలు. ఆయన కాసేపు మాట్లాడలేదు. "మూడు వరసలు ఎప్పుడు మొదలైందో కూడా గుర్తులేదండీ" అన్నారు చివరికి. ఇప్పుడు అన్నీ రెండు వరసలే. ప్యాకింగ్ హాలు గోడ మీద నేల నుంచి 155 సెంటీమీటర్ల దగ్గర ఎర్ర రంగు గీత గీయించారు. మా బుకింగ్ ఫారంలో కూడా బరువు కంటే ముందు ఎత్తు గడి వచ్చింది.

మొన్న ఆయనే ఫోన్ చేశారు. కొత్త డ్రమ్ము ఎత్తు 71 సెంటీమీటర్లట. రెండు వరసలు 142, చెక్క 15, మొత్తం 157. "గీతకి రెండు సెంటీమీటర్లు పైన ఉందండీ, 160కి లోపలే కదా, పోనిచ్చేద్దామా?" అన్నారు. కింద యూఎల్‌డీ మీద పరిచే ప్లాస్టిక్, పైన బిగించే వల, ఫిల్మ్ ఉబ్బు, ఇవి ఎవరి లెక్కలోకీ రావని చెప్పాను. 12 సెంటీమీటర్ల ఎత్తు చెక్క పాలెట్లు దొరుకుతాయేమో అనకాపల్లిలో కనుక్కోమన్నాను, ముద్ర చూసుకుని.